తడిసినా... చలెయ్యదు!

విశాఖ కెరటాల్లో ఆడుకున్న అలవాటుకొద్దీ శాన్‌ఫ్రాన్సిస్కో సముద్రంలోకి దిగితే... గుండె ఝల్లుమంటుంది. నడివేసవిలోనూ అక్కడి నీళ్లు సుమారు 12 నుంచి 15 డిగ్రీలే మరి! పైగా గాలికన్నా నీరు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది. చేతులు మొద్దుబారిపోతే గజఈతగాళ్లకైనా ప్రమాదమే. అందుకే అక్కడ సర్ఫింగ్ చేసేవాళ్లకు వెట్‌సూట్ సోకు కాదు, ప్రాణరక్షణ.

దీని వెనకున్నది బర్కిలీలో పనిచేసిన భౌతికశాస్త్రవేత్త హ్యూ బ్రాడ్నర్. ఒళ్లు తడిసినా ఫర్వాలేదు, వేడి పోకుండా ఉంటే చాలన్నది 1950ల మొదట్లో ఆయనకొచ్చిన ఆలోచన. నియోప్రీన్ రబ్బరులో చిక్కుకున్న సన్నటి వాయు బుడగలే ఆ వేడిని ఆపుతాయి.

కొనేటప్పుడు చాలామంది మందమే చూస్తారు. 4/3 అంటే ఛాతీ, వీపు దగ్గర 4 మిల్లీమీటర్లు, కాళ్లూ చేతుల దగ్గర 3 అన్నమాట. కానీ అంతకన్నా ముఖ్యం కొలత. వదులుగా ఉంటే అల తగిలిన ప్రతిసారీ లోపల వేడెక్కిన నీరు పోయి చన్నీళ్లు చేరతాయి. ఇక మందం ఎంతున్నా దండగే! మరీ బిగుతైతే ఊపిరి సలపదు, చేతులు ఆడవు. మెడ, నడుము, చంకల దగ్గర ముడతలు పడకూడదు. చేతులు పైకెత్తినా, గొంతుక్కూర్చున్నా పట్టెయ్యకూడదు.

‘ఎదిగే పిల్లలు కదా’ అని చొక్కా ఓ సైజు పెద్దది కొనడం మనకు మామూలే. వెట్‌సూట్ విషయంలో మాత్రం ఆ పొదుపు పనికిరాదు!