ఆర్టికల్ 3 ఎవరి వైపు?

ఫెడరలిజం మీద మన దగ్గర చర్చ మొదలైతే జీఎస్‌టీ వాటా దగ్గరో, గవర్నర్ సంతకం పెట్టని బిల్లు దగ్గరో ఆగిపోతుంది. నన్ను ఎప్పట్నుంచో వేధించేది అంతకన్నా అడుగున ఉన్న ప్రశ్న. అసలు ఒక రాష్ట్రం ఉండాలా వద్దా అన్నది ఎవరి చేతిలో ఉంది?

పార్లమెంటు చేతిలో. రాజ్యాంగం మూడో అధికరణం ఇందులో దాపరికమేమీ పెట్టుకోలేదు. రాష్ట్రాన్ని చీల్చొచ్చు, కలపొచ్చు, సరిహద్దు జరపొచ్చు, పేరు మార్చొచ్చు. మామూలు మెజారిటీ చాలు. రాష్ట్రపతి ఆ బిల్లుని ముందు సంబంధిత అసెంబ్లీకి పంపి అభిప్రాయం అడగాలి. అడిగితే చాలు, వినాలని లేదు. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే రాష్ట్రానికి కామెంట్ పెట్టే హక్కుంది, అప్రూవల్ ఇచ్చే హక్కు లేదు.

మాది నల్గొండ, నా భార్యది గుంటూరు. కాబట్టి ఈ అధికరణం మా ఇంట్లో అప్పుడప్పుడూ భోజనాల దగ్గరికి వస్తుంటుంది. 2014 జనవరి 30న ఉమ్మడి అసెంబ్లీ విభజన బిల్లుని మూజువాణి ఓటుతో తిరస్కరించింది. మూడు వారాలు తిరిగేసరికి పార్లమెంటు ఉభయ సభలూ దాన్ని ఆమోదించాయి. “అసెంబ్లీ వద్దన్నాక కూడా చేస్తే, ఇంక అసెంబ్లీ ఎందుకు?” అంటుంది తను. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ సభలో 294 మంది. తెలంగాణ వాళ్ళు 119, మిగతా 175. అమెరికా రాజ్యాంగంలో ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రం పుట్టాలంటే పాత రాష్ట్రపు శాసనసభ ఒప్పుకోవాలి. అదే నిబంధన ఇక్కడుంటే తెలంగాణ ఎప్పటికీ 119 దగ్గరే ఉండిపోయేది. ఢిల్లీ నుంచి రాష్ట్రాన్ని కాపాడే గోడ, ఆ రాష్ట్రంలో తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళకి జైలు గోడ అవుతుంది. అంతెందుకు, 1953లో గుంటూరు మద్రాసు రాష్ట్రంలోంచి బయటికొచ్చిందీ ఈ అధికరణం కిందే. ఇది గుర్తు చేస్తే మాత్రం తను పెరుగు వడ్డిస్తుంది.

నాకు మింగుడుపడనిది కశ్మీర్. దేశంలో ఆ ఒక్క రాష్ట్రానికే అమెరికా తరహా రక్షణ ఉండేది. 1954 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం జమ్మూ కశ్మీర్ విస్తీర్ణం తగ్గించాలన్నా, పేరో సరిహద్దో మార్చాలన్నా అక్కడి శాసనసభ సమ్మతి ఉండి తీరాలి. 2019 ఆగస్టులో ఆ ఉత్తర్వే పోయింది. అప్పటికి అసెంబ్లీ రద్దయి రాష్ట్రపతి పాలన నడుస్తోంది. మరి అభిప్రాయం ఎవరు చెప్పాలి? అసెంబ్లీ బదులు పార్లమెంటే చెప్పేసింది. కోడ్ రాసినవాడే రివ్యూ చేసుకుని మెర్జ్ కొట్టినట్టు. అక్టోబర్ 31 నుంచి అది రెండు కేంద్రపాలిత ప్రాంతాలు. లద్దాఖ్‌కైతే అసెంబ్లీయే లేదు. మొత్తం రాష్ట్రాన్ని ఇలా దించేయొచ్చా అన్న ప్రశ్నని 2023 డిసెంబర్ తీర్పులో సుప్రీంకోర్టు తేల్చకుండా వదిలేసింది. నిజానికి తేల్చాల్సింది అదే.

సమ్మతి అన్న మాట రాసుకున్నంత మాత్రాన అమెరికాలో అంతా పద్ధతిగా జరిగిందనీ కాదు. అంతర్యుద్ధంలో వర్జీనియా యూనియన్‌ని వదిలి వెళ్తే, వీలింగ్‌లో ఇంకో ‘వర్జీనియా ప్రభుత్వం’ వెలిసి, తమ రాష్ట్రం చీలడానికి సమ్మతి ఇచ్చేసింది. 1863లో వెస్ట్ వర్జీనియా అలా పుట్టింది.

తెలంగాణనీ కశ్మీర్‌నీ ఒకే గాటన కట్టొద్దని మిత్రులంటారు. కట్టింది నేను కాదు, ఆ అధికరణమే. అడిగినవాళ్ళకి రాష్ట్రం ఇవ్వడానికీ, అడగనివాళ్ళ రాష్ట్రాన్ని తీసేయడానికీ ఒకే మీట. నా మటుకు నేను దాన్ని రెండు ముక్కలు చేస్తాను. కొత్త రాష్ట్రం విషయంలో పాత రాష్ట్రానికి వీటో ఇవ్వను. విడిపోతామనే ప్రాంతపు ఎమ్మెల్యేల ఓటు విడిగా లెక్కించి, దానికి బరువిస్తాను. రాష్ట్ర హోదా తీసేసే అధికారాన్ని మాత్రం పార్లమెంటుకి అసలివ్వను. రాష్ట్రపతి పాలనలో ఉన్న రాష్ట్రాన్ని ముట్టుకోనివ్వను.

ఇదంతా విని తను ఒకటే అడిగింది. “బానే ఉంది. మరి హైదరాబాద్ ఎమ్మెల్యేలని విడిగా లెక్కేస్తావా, తెలంగాణలో కలిపేనా?”

కలిపే, అన్నాను. ఎందుకో చెప్పడం మొదలుపెట్టేలోపే తన ప్లేటు సింకులో పడింది.