జీపు ఎత్తు పెంచాం, గుండు మాత్రం అక్కడే ఉంది

పోస్టు కొంచెం పెద్దదే. కానీ ఊర్లో నలుగురు కలిసి పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొందామనుకుంటున్నవాళ్లు మాత్రం ఆఖరి దాకా చదవండి. మేం పోగొట్టుకున్న డబ్బులు మీరూ పోగొట్టుకోవద్దని రాస్తున్నాం.

మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. తారు రోడ్డు నుంచి మా ఊరికి 7 కిలోమీటర్ల మట్టి దారి, మధ్యలో రెండు గెడ్డలు. 108 తారు రోడ్డు దాకే వస్తుంది. అక్కడి దాకా మనిషిని డోలీలో మోసుకెళ్లాలి. ఇది మీకు కొత్తగా చెప్పక్కర్లేదు, మీ భుజాలకే తెలుసు. మూడేళ్ల కింద కాఫీ డబ్బులు చేతికొచ్చినప్పుడు ఏడిళ్ల కుర్రాళ్లం కలిసి ఒక పాత జీపు కొన్నాం. డీజిల్ ఇంజను, ముందూ వెనకా కమాన్ పట్టీలు, ఫోర్ వీల్ గేరు. కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది, ఎవరూ చెయ్యి పెట్టలేదు. కొన్నాక మా దగ్గర 40 వేలు మిగిలాయి.

ఆ 40 వేలతోనే తప్పు చేశాం. ఫోన్లో వీడియోలు చూసి చూసి, బండంటే ఎత్తుగా ఉండాలని బుర్రలో పడిపోయింది. కిందికెళ్లి ఒక షెడ్డులో పొడవాటి షాకిల్ పట్టీలు వేయించాం, ప్రతి కట్టకీ ఒక కమాన్ పట్టీ అదనంగా పెట్టించాం. పైన ఒక పొడుగు లైటు కూడా. టైర్లు మాత్రం పాతవే, తారు రోడ్డు టైర్లు. సగం అరిగాయి, ఇంకో ఏడాది వస్తాయిలే అనుకున్నాం. బండి ఊర్లోకి వచ్చిన రోజు పిల్లలందరూ వెంటపడ్డారు. నిజం చెప్పాలంటే మాకూ గర్వంగానే ఉంది.

ఆ ఏడాది ఆగస్టులో ఒక రాత్రి మా వొదినకి నొప్పులొచ్చాయి. వాన ఆగట్లేదు. వెనకాల పరుపు వేసి, ఆమెనీ వాళ్ల అత్తనీ ఎక్కించుకుని బయల్దేరాం. మొదటి గెడ్డ దాటాం. రెండో గెడ్డ తర్వాత ఎక్కే దగ్గర ట్రాక్టర్లు తిరిగి రెండు పక్కలా లోతు గాడులు పడ్డాయి, మధ్యలో మట్టి గట్టు లేచింది. చక్రాలు గాడుల్లోకి దిగాయి. వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండు ఆ గట్టు మీద కూర్చుండిపోయింది. ఫోర్ వీల్ లో గేరు వేసినా ముందు ఒక చక్రం, వెనక దాని ఎదురు మూల చక్రం ఊరికే తిరుగుతున్నాయి. బండి కదల్లేదు. అరగంట చూశాం. ఇంక లాభం లేదని రెండు కర్రలు కొట్టి, దుప్పటి కట్టి, అక్కడి నుంచి మళ్లీ డోలీయే. దాదాపు రెండు కిలోమీటర్లు. 108లో ఎక్కించిన కాసేపటికి ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బాగున్నారు. కానీ వొదిన తర్వాత ఒక మాటంది: "బండి కొన్నారు, మళ్లీ డోలీయే ఎక్కించారు కదరా." ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే మాకు తల ఎత్తబుద్ధి కాదు.

ఎందుకిలా అయిందో మాకు చెప్పింది పాడేరులో ఒక ముసలి మెకానిక్ తాత. మమ్మల్ని తిట్టలేదు. ఒక స్కేలు ఇచ్చి బండి కిందకి దూరమన్నాడు. నేల నుంచి గుండు అడుగుకి ఎంతుందో కొలవమన్నాడు. పక్కనే మా టైర్ల సైజువే వేసుకున్న ఇంకో జీపు ఉంది, దానికి ఎత్తు పెంచలేదు. దాన్నీ కొలవమన్నాడు. రెండింటికీ ఒకటే లెక్క.

ఏటంటే, మా బండి లాంటి వాటికి యాక్సిల్ చక్రానికి నేరుగా బిగించి ఉంటుంది. కమాన్ కట్టలు ఆ యాక్సిల్ మీద కూర్చుంటాయి, బాడీ కట్టల మీద. కట్టకీ బాడీకీ మధ్య ఏం పెట్టినా బాడీయే లేస్తుంది, యాక్సిల్ లేవదు. రాయికి తగిలేది గుండు. గుండుని పైకి లేపేది టైరు ఒక్కటే. అదీ టైరు ఎంత పెద్దదైతే అందులో సగమే, ఎందుకంటే మిగతా సగం చక్రం పై భాగానికి పోతుంది. షాకిల్ పట్టీదీ ఇలాంటి కథే. రెండంగుళాలు పొడవు పెంచితే బాడీ లేచేది అంగుళమే, కట్ట రెండో కొస కదలదు కాబట్టి.

ఇంకో దెబ్బ అదనపు పట్టీ వల్ల తగిలింది. కట్ట బిర్రుగా అయిపోయి చక్రం గుంటలోకి సాగలేదు, గాల్లో వేలాడింది. మామూలు డిఫరెన్షియల్ బలాన్ని అలా వేలాడే చక్రానికే వదిలేస్తుంది. కొత్తగా ఎత్తు పెరిగాక స్టీరింగ్ కూడా తేలిపోయేది, ఘాట్ మలుపుల్లో బండి పక్కకి ఒరిగేది. వెనకాల పది మంది సంతకి వెళ్లే బండికి అది ఎంత ప్రమాదమో ఆలోచించండి. ఎత్తు పెంచడం వల్ల లాభమే లేదని కాదు. ముందు బంపర్ గట్టుకి తగలదు, పెద్ద టైరుకి చోటు వస్తుంది. కానీ అది మొదట చేసే పని కాదు.

కొత్త బండ్లు చూసేవాళ్లకి ఒక మాట. జిమ్నీకి కంపెనీ చెప్పే గ్రౌండ్ క్లియరెన్స్ 210 మిల్లీమీటర్లు, 2020లో వచ్చిన థార్‌కి 226. జిమ్నీకి ముందూ వెనకా ఇలాంటి గట్టి యాక్సిలే, థార్‌కి వెనక మాత్రమే. కాబట్టి వెనక గుండు సంగతి రెండింటికీ ఇంతే.

పట్టీలన్నీ పీకించేసి, పాతవి మళ్లీ వేయించాం. అమ్మితే సగం డబ్బులు కూడా రాలేదు. తర్వాతి కాఫీ డబ్బులతో టైర్లు కొన్నాం. పాతవి 215/75 ఆర్15, కొత్తవి 235/75 ఆర్15. లెక్క మీరే వేయండి: 215లో 75 శాతం పక్క గోడ ఎత్తు, దాన్ని రెండింతలు చేసి 15 అంగుళాల రిమ్ము కలపాలి. పాతది సుమారు 703 మిల్లీమీటర్లు, కొత్తది 733. తేడా 30, గుండు లేచింది 15 మిల్లీమీటర్లు. ఇంతేనా అంటారు, మేమూ అన్నాం. స్పీడు మీటరు ఇప్పుడు 60 చూపిస్తే నిజంగా 62 దాటి వెళ్తున్నట్టు. స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి, టైరు ఎక్కడైనా రాసుకుంటుందా చూసుకోండి. ఐదో టైరు, అంటే స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. ఫోర్ వీల్ వేసినప్పుడు ఒక చక్రం చిన్నదైతే గేరు పెట్టె మీద భారం పడుతుంది.

రకం విషయంలో మాలో మాకే గొడవైంది. సగం మంది ఎంటీ, అంటే పూర్తి బురద టైర్లు కావాలన్నారు. అవి బురదలో బాగానే లాగుతాయి, తడి తారు రోడ్డు మీద మాత్రం పట్టు తక్కువ. మనకి 7 కిలోమీటర్లు మట్టి, ఆ తర్వాత అంతా ఘాట్. అందుకే ఏటీ టైర్లు వేశాం.

టైర్ల కంటే ఎక్కువ మార్పు తెచ్చింది గాలి. ఒక గాలి మీటరు, బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసర్ కొన్నాం. మట్టి దారిలో బరువు తక్కువున్నప్పుడు 30 నుంచి 22కి దింపుతాం. టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది, రాళ్లని పట్టుకుంటుంది. గుండు కాస్త కిందికి దిగుతుంది, అయినా పట్టు వల్ల లాభమే ఎక్కువ. కానీ నెమ్మదిగానే వెళ్లాలి, తారు ఎక్కగానే మళ్లీ నింపాలి. కాఫీ బస్తాలున్నప్పుడు దింపం. మీ టైర్లకి ట్యూబులుంటే జాగ్రత్త, గాలి తగ్గితే ట్యూబు జారి మూతి దగ్గర చిరుగుతుంది.

తర్వాత చాసిస్‌కి బోల్టులతో ముందొకటి వెనకొకటి కొక్కేలు, ఒక మంచి తాడు. బంపర్‌కి కట్టి లాగొద్దు, ఊడొచ్చి మనిషికి తగులుతుంది. ఇంకోటి చాలా చవక పని: గుండుకి గాలి పోయే చిన్న గొట్టం ఉంటుంది, దానికి రబ్బరు గొట్టం తగిలించి పైకి కట్టించండి. వేడెక్కిన గుండు చల్లటి గెడ్డ నీళ్లలో మునిగితే లోపల గాలి ముడుచుకుని నీళ్లని పీల్చేస్తుంది, ఆయిల్ పాలలా తెల్లబడుతుంది. మాకు ఒకసారి అయింది.

కాగితాల సంగతి కూడా చూసుకోండి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాయొచ్చు. మేం టైరు సైజు ముందే రవాణా ఆఫీసులో అడిగి, సరే అన్నాకే వేశాం. ముందు వేసే ఇనుప బుల్‌బార్ల మీద 2017 డిసెంబరులోనే కేంద్రం రాష్ట్రాలకి రాసింది, దాని జోలికి పోవద్దు.

మొన్న వానల్లో అదే ఎక్కుడు దగ్గరికి మళ్లీ వచ్చాం, ఈసారి జ్వరంతో ఉన్న తాతని తీసుకుని. గాలి 22, లో గేరు. గాడుల్లోకి దిగకుండా ఒక వైపు చక్రాలు మధ్య గట్టు మీద, రెండో వైపు చక్రాలు అంచు మీద పెట్టి నడిపాం. ఒక చోట గుండు మట్టిని గీరిన చప్పుడైంది. వెనకాల ఎవరూ మాట్లాడలేదు. బండి ఎక్కేసింది. 15 మిల్లీమీటర్లే ఇదంతా చేశాయని మేం అనం. అంతకుముందు ఆదివారం ఊరంతా కలిసి ఆ గాడుల్లో రాళ్లు నింపాం, సగం పని అదే చేసింది.

పైన లైటు ఇంకా ఉంది. పిల్లలు తీయనివ్వలేదు.