మాయపురుగు

కొలరాడోలో వేసవి ముదిరేసరికి ఏటి ఒడ్డు చెట్ల మీంచి నల్లటి పెంకుపురుగులు నీళ్ళలో రాలుతుంటాయి. ట్రౌట్ చేపలకు అది అయాచితంగా దొరికే భోజనం. అటువంటి పురుగును ఫోముతో చేసి, కొక్కేనికి కట్టి, చేపను నమ్మించడం ఇక్కడివారి వినోదం. వీళ్ళు దాన్ని ‘ఫ్లై’ అంటారు. ఎర అంటే తినేది. ఇందులో తినడానికేమీ లేదు కాబట్టి ఆ మాట వాడటానికి నాకు మనసొప్పలేదు. మాయలేడి వరసలో ‘మాయపురుగు’ అని పిలుచుకుంటున్నాను.

కట్టడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. కొక్కేన్ని పట్టుకారులో బిగించి, రెండు మిల్లీమీటర్ల మందమున్న నల్లటి ఫోము పట్టీని దాని వంపు దగ్గర దారంతో కట్టాలి. మొదటి చుట్లు వదులుగా, తరువాతివి బిగువుగా వేయాలి. ముందే బిగిస్తే దారం ఫోమును కోసేస్తుంది. ఆపైన నెమలి ఈక పోగులు మెలిపెట్టి కాడకు చుడితే నిజం పురుగు కడుపులాగే మెరుస్తుంది. ఫోమును వీపు మీదుగా ముందుకు మడిచి కట్టి, రబ్బరు పోగులతో కాళ్ళు పెట్టాలి. చివరగా వీపుమీద ఒక నారింజరంగు చుక్క. అది చేప కోసం కాదు, దూరాన పురుగును వెతుక్కునే మన కంటి కోసం. చేప చూసేది కిందినుంచి కదా!

మా భిక్నూరు చెరువులో ట్రౌట్ బతకదు, దానికి చన్నీళ్ళు కావాలి. మన దక్షిణాదిలో దాన్ని నీలగిరుల్లో పెంచారు. 1907లో అవలాంచిలో ఒక కేంద్రం పెట్టి పిల్లలను పొదిగించారు. మా చెరువు గాలానికి కంకకట్టె, నైలాను దారం, జొన్నబెండు చాలు. జాలారు పక్కన తడిమట్టి తవ్వితే ఎర్రలు దొరికేవి (వానపాములకు మావైపు పేరది). కొర్రమట్టకైతే చిన్న కప్ప. అక్కడ బెండు కేవలం సాక్షి, అది మునిగితే కింద ఏదో జరిగిందని తెలుస్తుంది. ఇక్కడ బెండే పురుగు వేషం కట్టింది.

ఈ సంగతంతా ఫోనులో చెబితే మా బాపు ఓపిగ్గా విని, “పట్టినంక ఏం జేస్తవు?” అన్నాడు. నీళ్ళలో వదిలేస్తానన్నాను.

“తినకపోతివి, అమ్మకపోతివి. మరి దాని మూతికి ఆ నొప్పెందుకు బిడ్డా?”

చేపల సంఖ్య తగ్గకుండా ఉండటానికేనని చెప్పాను. ఆయన ఊఁ కొట్టాడు గానీ, అది ఒప్పుకున్న ఊఁ కాదు. చెరువు మీద బతికినవాడికి వేట ఆకలితో మొదలై కంచంలో ముగుస్తుంది. ఆకలి లేని వేటను ఆయన ఏ లెక్కన జమ కట్టుకోవాలి?

కొక్కేనికుండే ఎదురుముల్లును పట్టుకారుతో నొక్కేస్తున్నాను. తడి చేతులతో, చేపను నీళ్ళు దాటనీయకుండా విడిపిస్తున్నాను. ఇది బాపు ప్రశ్నకు జవాబు కాదని తెలుసు. చేప నా చేతిలోంచి జారి లోతుకు వెళ్ళే క్షణంలో కలిగే సంతోషం ఎంత నిజమో, దాని మూతికైన గాయమూ అంతే నిజం. ఈ రెంటిలో ఒకదాన్ని కాదని రెండోదాన్ని నిలబెట్టే తర్కం నాకింకా దొరకలేదు.

మీ ఊళ్ళో చెరువు గట్టున కూర్చున్న పెద్దవాళ్ళు ఉంటే అడిగి చూడండి. ‘మాయపురుగు’ కన్నా మంచి మాట తడితే అదీ చెప్పండి.