అర మిల్లీమీటరు పని

ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాల్లో తిరుగుతూ ఫైబరు బోట్లకు మెరుపు తెప్పించే పని చేస్తానంటే గోదావరి వైపు వాళ్లు నవ్వుతారు. మీ సీమలో నీళ్లేవి, బోట్లేవి అంటారు. నీళ్లు నిలకడగా ఉండకపోబట్టే నాకీ పని దొరికింది. శ్రీశైలం జలాశయం నిండు మట్టం 885 అడుగులు. వరదకు ఆ అంకె దాకా ఎక్కిన నీళ్లు ఎండాకాలానికి ఎంత కిందికి జారతాయంటే, ముచ్చుమర్రి పక్క సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. జనం గుడి తేలిందని పోతారు. నేను బోట్లు ఒడ్డున పడినాయని పోతాను.

నీళ్లలో ఉన్న బోటుకు కింది సగమైనా చల్లగా ఉంటుంది. ఒడ్డుకు లాగి రెండు మొద్దులమీద పెట్టి వదిలేస్తే మార్చి నుంచి జూన్ దాకా ఎండంతా దానిదే. అవుకులోగానీ గండికోట, మైలవరం దిక్కుగానీ నీళ్ల ఒడ్డున చెట్టు నీడ అనేది అరుదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినాక రాష్ట్రమంతా షికారు బోట్లు ఆపేసినారు. అది సద్దుమణిగేలోపే కరోనా వచ్చింది. అన్నాళ్లు ఒడ్డున పడి ఉన్న బోట్లను తర్వాత చూస్తే, ఎర్రవి గులాబీ రంగుకు తిరిగి ఉన్నాయి, నీలివి బూడిద రంగుకు. తెల్లవి మాత్రం బాగున్నట్టే కనిపిస్తాయి. వాటిమీద వేలితో గీస్తే తెలుస్తుంది, సుద్దముక్క పట్టుకున్నట్టు వేలంతా తెల్లపొడి.

మా దిక్కు పడవలు కొత్తేమీ కాదులెండి. కర్నూలు–కడప (కె.సి.) కెనాల్‌ను 1863–70 మధ్య తవ్విన కంపెనీ లెక్కలో పొలాలకు నీళ్లతో పాటు పడవల రవాణా కూడా ఉండేది. లెక్క తప్పింది, 1882లో కాలువ ప్రభుత్వం చేతికొచ్చింది. ఆ పడవలకు మెరుపు కావాలని ఎవరూ అడిగి ఉండరు.

నేను బేతంచెర్లలో నాపబండల పాలిష్ ఫ్యాక్టరీ నుంచి ఈ పనిలోకొచ్చినా. రాయికి మెరుపు తెప్పించడం తెలిసినోడికి బోటు ఎంత అనుకుంటారు. కానీ బండను ఎంత అరగదీసినా లోపల బండే ఉంటుంది. ఫైబరు అట్లా కాదు. బోటును బయటి పొరతో మొదలుపెట్టి లోపలికి కడతారు. నునుపుగా పాలిష్ చేసిన అచ్చుకు మైనం పూసి, దానిమీద రంగు కలిపిన జెల్‌కోట్ కొడతారు. అది కాస్త గట్టిపడినాక గాజునార మ్యాట్, రెజిన్, మళ్లీ మ్యాట్, మళ్లీ రెజిన్. అంతా గట్టిపడినాక అచ్చులోంచి ఊడదీస్తే జెల్‌కోట్ పైకొస్తుంది. కొత్త బోటుకున్న నునుపు ఆ అచ్చు నుంచి దిగిందే. ఆ పొర మందం అర మిల్లీమీటరు, అటూఇటూ. నా పనంతా ఆ అర మిల్లీమీటరులోనే జరగాలి. ప్రతిసారీ అందులో కొంత పోతుంది, పోయింది మళ్లీ పెరగదు.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు జెల్‌కోట్‌లో రంగును పట్టి ఉంచే పాలిస్టర్‌ను పైనుంచి కొద్దికొద్దిగా కొరుకుతాయి. పట్టు వదిలిన రంగు పొడి అవుతుంది. పైభాగం గరుకై వెలుతురును చెల్లాచెదురు చేస్తుంది, మనకు వెలిసినట్టు కనిపిస్తుంది. అందుకే బోటు చూడగానే నేను ముందు చేసేది తడిగుడ్డతో తుడవడం. తడిచోట రంగు నిండుగా తేలితే కింద ఇంకా సరుకుంది, పని చేయొచ్చు. తడిసినా రంగు రాకుండా, లోపలి నార అల్లిక నీడలా అగుపిస్తే పొర అయిపోయినట్టే. అప్పుడు బఫింగ్ మిషన్ బయటికి తీయను.

కడగడానికే సగం పూట పోతుంది. మా గాలిలో ఉండే సన్న దుమ్ము గరుకుది, పొడిగుడ్డతో తుడిస్తే కొత్త గీతలు పడతాయి. బోరు నీళ్లతో కడిగిన బోట్లమీద సున్నపు మరకలు చారలు కట్టి ఉంటాయి. వాటికి వెనిగర్ నీళ్లలో కలిపి గుడ్డతో నాననిస్తే చాలు. బాత్‌రూం యాసిడ్ పోసేవాళ్లను చూసినా. మరకతో పాటు రివెట్లు, కొక్కేలు కూడా తినేస్తుంది. నేను జలాశయం నీళ్లనే గుడ్డలో వడగట్టి వాడతాను.

కడిగినాక చేతిలో రూపాయి బిళ్లతో బోటంతా తట్టుకుంటూ పోతాను, ముఖ్యంగా వెనక ఇంజను తగిలించే పలక. ఫైబరు లోపల ప్లైవుడ్ ఉంటుంది. అది కుళ్లితే ఖంగుమనదు, మెత్తగా పలుకుతుంది. నీళ్లు తగ్గినప్పుడు రాళ్లమీద ఈడ్చిన బోట్లకు అడుగున నక్షత్రం ఆకారంలో చీలికలుంటాయి. సుద్ద కింద అవి కనపడవు, పొడి పోయినాకే బయటపడతాయి. ఒక కాంట్రాక్టరు, "అవన్నీ యాల అన్నా, పైన మెరిస్తే సాలు, పండగకు జనం వస్తారు" అన్నాడు. "పలక బాగు చేయించుకోని పిలువు, వస్తా" అని సామాను సర్దుకున్నా. మెరిసే బోటును చూసి పిల్లల్ని ఎత్తుకుని ఎక్కేస్తారు జనం. లైఫ్ జాకెట్ ఉందా అని కూడా అడగరు. ఆ నమ్మకం పుట్టించేది నా చేతులు కాబట్టి, నాకు నచ్చనిదానికి మెరుపు పెట్టను.

అసలు పని వాటర్ పేపర్‌ది, అంటే తడిపి రుద్దే గరుకు పేపర్. పొర బాగా గరుకైతే 600 నంబరుతో, లేకుంటే 800తో మొదలుపెట్టి 1000, 1500, 2000 దాకా పోతాను. ప్రతి నంబరుకూ చేతి దిశ మారుస్తాను, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. ముందు నంబరు గీతలు పూర్తిగా పోయినాయో లేదో అప్పుడే తెలుస్తుంది. మధ్యమధ్యలో పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీసి రుద్దుతాను. గీత మిగిలిన చోటు పల్లం. చెయ్యి దాన్ని ఒక్కసారి కూడా ముట్టుకోలేదన్నమాట. అంచులు, మూలల దగ్గర పొర పలచన, అక్కడ మాస్కింగ్ టేపు వేసి చివర్లో చేత్తోనే చేస్తాను. కుర్రవాళ్లకు ఇదే ఓపిక ఉండదు. మిషన్ పట్టుకుంటేనే పనిచేసినట్టు వాళ్లకు.

మిషన్ కూడా అవసరమే. ఉన్ని ప్యాడ్, రబ్బింగ్ కాంపౌండ్, నిమిషానికి 1,200 నుంచి 1,500 చుట్లు, అంతకు మించి వద్దు. చెయ్యి కదులుతూనే ఉండాలి. ఇస్త్రీ పెట్టెను చొక్కామీద వదిలినట్టు ఒకచోట ఆపితే పొర కాలి మచ్చ పడుతుంది. నంద్యాలలో 42 డిగ్రీల ఎండ ఉన్న పూట బోటుమీద అరచెయ్యి ఆనించలేం, కాంపౌండ్ పెట్టిన క్షణానికే ఎండిపోయి అట్టకడుతుంది. అందుకని మే నెలలో తెల్లారుజామున మొదలుపెట్టి ఎండ ఎక్కకముందే ఆపేస్తా. మళ్లీ సాయంత్రమే. మధ్యలో రాగిసంకటి తిని వేపచెట్టు వెతుక్కుంటా.

ఆఖర్న మైనం. సిలికాన్ కలిసిన పాలిష్‌లు ఆ పూటకు బాగా మెరుస్తాయి గానీ, రేపు అక్కడ మరమ్మతు చేయాలంటే జెల్‌కోట్ పట్టదు. కాళ్లు పెట్టేచోట ఏ మైనమూ వద్దు. తడికాలు జారితే పోయేది మనిషి.

అవుకు దిక్కు ఎర్ర బోటొకటి ఉంది. ఏడాదికోసారి రుద్దించుకుంటాడు ఆసామి. ఈసారి తడిగుడ్డ వేస్తే ముందరి మలుపు దగ్గర నార తేలింది.

"అన్నా, ఇంక దీనికి పేపర్ పెట్టేది లేదు. పాలీయూరెతేన్ పెయింటు వేయించుకో. రేకుల షెడ్డు కూడా ఒకటి కట్టించు, కొన్నేండ్లు నా మొగం చూడక్కర్లేదు" అన్నా.

"టార్పాలిన్ కప్పితే కాదా?"

"బోటుకు ఆనిచ్చి కడితే గాలికి రాసుకోని అదే గరుకు పేపర్ అయితాది. కర్రలు పాతి ఎత్తులో కట్టు, గాలి ఆడాల."

షెడ్డుకు ఒప్పుకున్నాడు. రంగు దగ్గర ఆగినాం. ఎండకు తొందరగా వెలిసేది ఎరుపే, తెలుపు వేయించుకోమని చెప్పినా. బోటు చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "తెలుపు దూరానికి అగుపడదన్నా, పిలకాయలు ఎర్రదాన్నే ఎక్కుతామంటారు" అన్నాడు. ఎరుపే వేయిస్తున్నాడు.