మకాం ఏ దీవిలో?

కలకత్తా వాట్‌గంజ్‌కి ఆ పేరు హెన్రీ వాట్సన్ అనే కల్నల్ వల్ల వచ్చింది. ఈస్టిండియా కంపెనీకి బెంగాల్లో చీఫ్ ఇంజనీరుగా పనిచేసిన ఆయన, 1780 ప్రాంతంలో ఇక్కడి నది ఒడ్డున ఓడలు కట్టే యార్డు పెట్టాడు. 1781లో నాన్‌సచ్ అనే ఓడను కట్టి హుగ్లీలోకి దింపాడు. ఆ యార్డు ఇప్పుడు లేదు. 1892లో తెరిచిన ఖిదిర్‌పూర్ డాకు ఉంది, దాని గోడను ఆనుకుని బతికే ఈ పేట ఉంది. అండమాన్ వెళ్ళే ప్రయాణికుల ఓడ ఆ గోడ అవతలి నుంచే కదులుతుంది. అందుకే ఆంధ్రా నుంచి మా ఇంటికొచ్చే చుట్టాల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ అండమాన్ ఊసెత్తుతారు. మొన్నటికి మొన్న మా తమ్ముడి కొడుకు అడిగాడు: "పెదనాన్నా, హేవలాక్‌లో మంచి రిసార్టు ఉందట. తిన్నగా అక్కడే దిగి, రోజుకో దీవి చూసొస్తే సరిపోదా?"

సరిపోదురా అన్నాను. ఎందుకో చెప్పడానికి ఆ సాయంత్రమంతా పట్టింది. ఎంత ప్రేమగా వెళ్ళినా మకాం తప్పు చోట పెట్టుకుంటే, అండమాన్‌లో సగం రోజులు జెట్టీల మీదే గడిచిపోతాయి.

ముందు ఓడ సంగతి. ఇక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్ 1,200 కిలోమీటర్లకు పైనే. ప్రయాణం మూడు నాలుగు రోజులు. నెలలో కొన్నిసార్లే ఓడ ఉంటుంది. డాకులోని నీళ్ళు వేరు, నదిలోని నీళ్ళు వేరు, మధ్యలో లాక్ గేటు. పోటు వచ్చే వేళ చూసుకుని గేటు తెరిస్తే ఓడ హుగ్లీలోకి వస్తుంది. సముద్రం చేరడానికి ముందు బజ్‌బజ్, డైమండ్ హార్బర్, సాగర్ దీవి దాటుకుంటూ రెండు వందల కిలోమీటర్లకు పైగా నదిలోనే, పైలట్ చెప్పిన దారిలో పోవాలి. ఇదంతా ఎందుకంటే, నాలుగు రోజులు పెట్టి వెళ్ళినవాడు అక్కడ రోజులు పారేసుకోకూడదు. తిరుగు ఓడ తప్పిందా, మళ్ళీ ఎప్పుడో.

ఏ దీవిలో ఉండాలన్న ప్రశ్న మా అబ్బాయితో మొదలైంది కాదు. కలకత్తా నుంచి వెళ్ళినవాళ్ళు రెండు వందల ఏళ్ళకు పైగా దీన్ని ఎదుర్కొంటూనే ఉన్నారు. ఆర్చిబాల్డ్ బ్లెయిర్ అనే నౌకాదళ అధికారి 1789లో ఇక్కడి ప్రభుత్వం పంపగా వెళ్ళి, రేవులో ఉన్న చాతమ్ అనే చిన్న దీవిలో మకాం వేశాడు. రేవు బాగుంది, గాలివానకు అడ్డు ఉంది. అయినా మూడేళ్ళకల్లా పైవాళ్ళు ఆ వలసను ఉత్తర అండమాన్‌కి మార్చారు. అక్కడ జ్వరాలు చుట్టుముట్టాయి. 1796లో మొత్తం ఎత్తేశారు. మళ్ళీ 1858 మార్చి 4న డాక్టర్ జె.పి. వాకర్ రెండు వందల మంది ఖైదీలతో సెమిరామిస్ అనే ఓడలో కలకత్తా నుంచి బయల్దేరి 10న చేరాడు. ఆయనా చాతమ్ మీదే దిగాడు. తాగునీళ్ళు చాలలేదు. రేవు ముఖద్వారంలోని రాస్ దీవికి మారాడు. అడుగడుగునా పడవ ఎక్కాల్సిన ఆ బెత్తెడు దీవి నుంచే 1941 దాకా అండమాన్ పాలన నడిచింది. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన భూకంపంతో రాస్ వైభవం ముగిసింది.

వాళ్ళు వెళ్ళిన పని వేరు, దాని వెనక ఉన్న కష్టాలు వేరు. 1909లో అలీపూర్ బాంబు కేసులో శిక్షపడ్డ బారీంద్రకుమార్ ఘోష్, ఉల్లాస్‌కర్ దత్ కూడా ఈ నది మీదుగానే ఆ దీవులకు తరలారు. రంప తిరుగుబాటులో పట్టుబడ్డ మన్యం వీరులను కూడా పోర్ట్ బ్లెయిర్లోని సెల్యులర్ జైలుకే పంపారు. చూడ్డానికి వెళ్తున్న మనం ఆ జైలుకు ఒక పూట పూర్తిగా ఇవ్వాలి. హడావుడిగా ఫోటో తీసుకుని పడవకు పరిగెత్తే చోటు కాదది. ఊళ్ళోనే మకాం ఉంటే నింపాదిగా వెళ్ళవచ్చు.

ఇక హేవలాక్. 2018లో దానికి స్వరాజ్ ద్వీప్ అని పేరు పెట్టారు. రాధానగర్ తీరాన్ని ఎంత పొగిడినా తక్కువే. తెల్లటి ఇసుక, వెనక గోడలా లేచిన అడవి. కానీ పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రభుత్వ పడవలో సుమారు రెండున్నర గంటలు, ప్రైవేటు పడవలో గంటన్నర. పోర్ట్ బ్లెయిర్ చుట్టూ ఉన్నవన్నీ హేవలాక్ నుంచి చూడాలనుకుంటే రోజూ ఆ దూరం రానూ పోనూ ఈదాలి. అదీకాక, ఆ పడవలు మనకోసం పుట్టినవి కావు. హేవలాక్‌లో గోవిందనగర్, విజయనగర్, శ్యామనగర్, కృష్ణనగర్ అని ఊళ్ళున్నాయి. దేశవిభజన తర్వాత తూర్పు బెంగాల్ వదిలి వచ్చిన శరణార్థుల కుటుంబాలు కట్టుకున్న ఊళ్ళవి. అండమాన్‌కి అలాంటివాళ్ళ మొదటి జట్టు 1949లో కలకత్తాలోనే ఓడ ఎక్కింది. ఆసుపత్రికి, కాలేజీకి, కచేరీకి, బజారుకు వాళ్ళు పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాలి. ప్రభుత్వ పడవ అందుకే ఉంది. ద్వీపవాసులకు చార్జీ తక్కువ, టికెట్టులో ముందు హక్కు. అలా ఉండటమే న్యాయం. కడుపునొప్పితో పెద్దాసుపత్రికి బయల్దేరిన ముసలాయన సీటు, పగడాలు చూసే నాకు రాకూడదు. కాబట్టి మనం రోజూ ఆ పడవల మీద ఆధారపడే చోట మకాం పెట్టుకోవడం మనకూ ఇబ్బందే, వాళ్ళకూ ఇబ్బందే.

నీల్ దీవి, అంటే శహీద్ ద్వీప్, నాకు మరీ ఇష్టం. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, సీతాపూర్ అని తీరాలకు రామాయణం పేర్లు. కూరగాయలు పండించి అండమాన్ అంతటికీ పంపే దీవి. అక్కడ ఒకటి రెండు రాత్రులు పడుకోవాలి, అంతే. హేవలాక్ నుంచి గంట ప్రయాణం కాబట్టి రెండూ కలిపి ఒక చుట్టుగా వేసుకోవచ్చు.

మకాం మాత్రం పోర్ట్ బ్లెయిర్లోనే. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అయిన ఊరు అదే. ఎందుకంటే పడవలన్నీ పొద్దున అక్కడ మొదలవుతాయి, సాయంత్రం అక్కడికే వస్తాయి. అబర్డీన్ జెట్టీ నుంచి రాస్ దీవి పది పదిహేను నిమిషాలు, బుధవారం సెలవు. అక్కడి నుంచే నార్త్ బే. పాత ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్ల మధ్య కనిపించే తీరం అదే. చాతమ్ నుంచి వాహనాలు ఎక్కించుకునే పడవలో రేవు దాటితే బాంబూ ఫ్లాట్, అక్కడి నుంచి రోడ్డెక్కితే ఇప్పుడు మౌంట్ మణిపూర్ అంటున్న మౌంట్ హారియెట్. చాతమ్‌లోనే 1883 నాటి కలప మిల్లు. ఊరికి ముప్పై కిలోమీటర్ల లోపు ఉన్న వండూర్ వెళ్తే, 1983లో ఏర్పడిన మహాత్మా గాంధీ సముద్ర జాతీయ పార్కులోని జాలీ బోయ్ దీవికి పడవ దొరుకుతుంది. అది పొడి కాలంలోనే తెరుస్తారు, ప్లాస్టిక్ సీసా వెంట రానివ్వరు. ఆ కట్టుబాటు వల్లే పగడాలు ఈమాత్రం మిగిలాయని నా నమ్మకం. దేశంలోని ప్రతి తీరంలో అలాంటి కట్టుబాటు రావాలి.

ఇంకొకటి, మనవాళ్ళు మరచిపోయేది. అండమాన్ మనకన్నా చాలా తూర్పున ఉంది, గడియారం మాత్రం మనదే. ఐదింటికల్లా వెలుగొస్తుంది, చలికాలంలో సాయంత్రం ఐదు దాటగానే చీకటి. మధ్యాహ్నం మూడు తర్వాత ఏ దీవికి వెళ్ళినా తిరిగిరావడానికి వెళ్ళినట్టే. తొమ్మిదింటికి ఇడ్లీ తిని తీరిగ్గా బయల్దేరదామంటే రోజు అప్పుడే సగం అయిపోయి ఉంటుంది. జెట్టీకి దగ్గర్లో పడుకున్నవాడికే పొద్దుటి పడవ అందుతుంది. గది కిటికీలోంచి సముద్రం కనిపించకపోయినా పర్వాలేదు.

ఈ మాట నాకు ఓడలో ఒకావిడ చెప్పింది. సోంపేట వైపు మత్స్యకారుల ఆడపడుచు, పెళ్ళయి పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో స్థిరపడింది. వైద్యానికి కలకత్తా వచ్చి తిరిగి వెళ్తోంది. నా తెలుగు వినగానే బంకు మీంచి దిగొచ్చింది. "ఏటి బాబూ, చూడ్డానికెల్తన్నారా? ఊర్లోనే ఉండండి. పొద్దున్నే పడవెక్కండి, చీకటడకముందు ఇంటికొచ్చీండి. చిన్న దీవిలో గాలెత్తిందంటే పడవ రాదు, ఓడెల్లిపోద్ది" అంది. తన సముద్రం సంగతి తనకు తెలిసినంత ఏ పుస్తకానికీ తెలియదు. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళినవాళ్ళు ఆ దీవుల్లో ఎక్కువ. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్‌లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు సుమారు 13 శాతం, బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత మనదే. కాబట్టి పోర్ట్ బ్లెయిర్ మకాంలో ఇంకో సుఖముంది. చేపల బజారులో తెలుగులో బేరమాడొచ్చు. రేపు పడవ ఉందా లేదా అని తెలుగులోనే అడిగి, తెలుగులోనే నిజం తెలుసుకోవచ్చు.

మా అబ్బాయికి చివరికి ఇలా రాసిచ్చాను. మే నుంచి సెప్టెంబరు దాకా వద్దు, నైరుతి గాలికి పడవలు ఆగిపోతాయి. హేవలాక్, నీల్ చుట్టు ముందు వేసుకో, చివరికి పెట్టుకోకు. తిరుగు ఓడకు ముందు రెండు రోజులు పోర్ట్ బ్లెయిర్లోనే ఉండేలా చూసుకో, జైలు, రాస్ దీవి ఆ రెండు రోజులకు దాచుకో. ఓడ హాడో రేవు నుంచి, హేవలాక్ ప్రభుత్వ పడవ ఫీనిక్స్ బే నుంచి, రాస్ పడవ అబర్డీన్ నుంచి. మూడూ ఒకే ఊళ్ళో ఉన్నా జెట్టీలు వేరు, ఆటోవాడికి ఏ జెట్టీయో ముందే చెప్పు.