బజారు దారి

2018 నవంబరులో మేము కర్నూలు విడిచి కెనడాలోని మిస్సిసాగా నగరం చేరుకున్నాము. పదకొండేళ్ళ అకౌంట్స్ అనుభవం, ఆరు నెలల ఖర్చుకు సరిపడే డబ్బు, ఇవే నా మూలధనం. రెండు నెలల్లో నూటికి పైగా దరఖాస్తులు పంపాను. ఒక్క పిలుపూ రాలేదు.

ఒక పరిచయస్థుడు సలహా ఇచ్చాడు: “ఇక్కడ రెండేళ్ళు పనిచేసినట్లు రాసుకోండి భాయ్. ఎవరైనా ఫోన్ చేస్తే నేను సాక్ష్యం చెబుతాను.” ఆ రాత్రి నేను నిజంగానే ఆ రెండు పంక్తులు రాశాను. నా భార్య చూసి, “రేపు పిల్లల నోట పెట్టే ముద్ద ఈ అబద్ధంతోనే మొదలవుతుంది కదండీ” అన్నది. సిగ్గుతో చెరిపివేశాను.

అప్పుడు హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) గుర్తుకు వచ్చారు. ఆస్తిపాస్తులు మక్కాలో వదలి మదీనా చేరిన ఆయనకు, అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన సంపదలో సగం ఇవ్వజూపారు. ఆయన సఅద్ కొరకు దుఆ చేసి, బజారు దారి చూపితే చాలన్నారు. ఖైనుఖా బజారులో నెయ్యి, ఎండబెట్టిన పెరుగు అమ్మి లాభంతో తిరిగివచ్చారు. నేనో, బజారు తీరు తెలుసుకోకుండానే సరుకు పరిచాను!

మరునాడు వలసవచ్చినవారికి ఉచితంగా సాయపడే కేంద్రానికి వెళ్ళాను. అక్కడి ఉద్యోగిని నా రెజ్యూమెలోని ఫోటో, పుట్టిన తేదీ, తండ్రి పేరు, వైవాహిక వివరాలు తీసివేయించింది. అక్కడ అవి రాసే ఆనవాయితీ లేదు. “ఖాతాలు చూశాను” అన్నచోట, నెలాఖరు లెక్కలు పది రోజులకు బదులు ఐదు రోజుల్లో ముగించిన సంగతి రాయించింది. ప్రతి ప్రకటనకూ తగినట్లు దరఖాస్తు మార్చడం నేర్పింది. ఉద్యోగం అడగకుండా, ఆ వృత్తిలో ఉన్నవారిని పదిహేను నిమిషాలు సమయమడిగి పని తీరు తెలుసుకొమ్మన్నది. స్థానిక అనుభవం తప్పనిసరి అనడం పైకి చూస్తేనే వివక్ష అవుతుందని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లోనే ప్రకటించిందని ఆమె ద్వారానే తెలిసింది.

ఈలోగా రాత్రిపూట గిడ్డంగిలో పెట్టెలు మోశాను. హలాల్ సంపాదనలో చిన్న పని అంటూ లేదు.

ఏడవ నెలలో ఒక చిన్న సంస్థ నుండి పిలుపు వచ్చింది. “ఇక్కడి అనుభవం లేదు కదా?” అని అడిగారు. “లేదు. చేసిన పని ఇది” అని చూపాను. ఉద్యోగం ఖాయమయ్యాక జుమా నమాజుకు సమయం అడిగాను. యజమానికి మరీ భారమైతే తప్ప మతాచరణకు వెసులుబాటు ఇవ్వాలని అక్కడి చట్టం. ఆయన ఒప్పుకున్నారు. అల్‌హమ్దులిల్లాహ్!

బయలుదేరబోయే సోదరులకు రెండు మాటలు. వైద్యులు, నర్సులు, ఇంజనీర్ల వంటివారు తాము వెళ్ళే రాష్ట్రంలోని లైసెన్సు నిబంధనలు ఇంటి దగ్గరుండగానే తెలుసుకోవాలి. డబ్బిస్తే ఉద్యోగపత్రం ఇప్పిస్తామనేవారిని నమ్మరాదు.

ముందే స్థిరపడినవారికి ఒక మనవి. సఅద్ (రజి) వలె సగం ఆస్తి పంచే హృదయం మనకు లేకపోవచ్చు. ఇషా నమాజు తర్వాత ఒక కొత్త సోదరుని పక్కన కూర్చొని, బజారు దారి మాత్రం చూపగలము. ఆ సౌభాగ్యం అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.