నీలిచేప మండలదీక్ష

చాలా రోజులుగా ఈ సంగతి వ్రాద్దామని అనుకోవడమూ, వ్రాస్తే నా తెలివితక్కువతనం నలుగురిలో బయటపడుతుందని మానుకోవడమూ జరుగుతున్నది. ఇక దాచడమెందుకు? మా మనుమడి చేపను నేను చంపాను. దానితోబాటు మరో రెండింటిని కూడా.

2023 వేసవిలో నేనూ, మా ఆవిడా డల్లాసు దగ్గర ఉంటున్న మా అబ్బాయి ఇంటికి వెళ్ళాము. నేను పుట్టి పెరిగింది భీమునిపట్నంలో. సముద్రం మాకు ఇంటి వెనుక పెరడు వంటిది. డల్లాసుకు సముద్రం నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. అటువంటి చోట మా వాడు హాలులో ఒక సముద్రాన్ని పెంచుతున్నాడు. నూట ఇరవై గాలన్ల తొట్టి. మన లెక్కలో సుమారు 450 లీటర్లు. అందులో పగడాలు, చిన్న రొయ్యలు, నత్తలు, నాలుగు చేపలు. వడగట్టిన మంచినీటిలో పొట్లాల ఉప్పు లీటరుకు 35 గ్రాముల చొప్పున కలిపితే సముద్రమవుతుందట! సముద్రపుటొడ్డున పుట్టినవాడు సముద్రాన్ని తూకం వేసి కలుపుతుంటే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం గర్వమూ కలిగింది.

తొమ్మిదేళ్ళ మనుమడికి సినిమాలోని ‘డోరీ’ కావాలి. అంటే బ్లూ టాంగ్ అనే నీలిచేప. మా అబ్బాయి మూడంగుళాల పిల్లను తెచ్చాడు. కాని దానిని హాలులోని తొట్టిలో వేయలేదు. లాండ్రీ గదిలో మరొక చిన్న తొట్టి ఉన్నది. అడుగున ఇసుక లేదు, రాళ్ళు లేవు; దాక్కోవడానికి రెండు తెల్లని ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు మాత్రం ఉన్నాయి. ఒంటరిగా నెల రోజులకు పైగా అక్కడే ఉండాలన్నాడు. “క్వారంటైన్, నాన్నా!” అన్నాడు.

పంతులు బుద్ధి ఊరకుండదు కదా, ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు వెదికాను. ఇటలీ భాషలో ‘క్వారంటా’ అంటే నలభై. ప్లేగు రోజులలో ఓడలను రేవు బయట నిలిపి ఉంచే ఆచారం నుండి వచ్చింది. 1377లో రగూసా నగరం పెట్టిన గడువు ముప్ఫై రోజులే. అది తరువాత నలభై అయింది. అయితే ఇది మన మండలమే కదా అనుకున్నాను. మండలానికి నలభై అనేవారూ, నలభై ఒకటి అనేవారూ, నలభై ఎనిమిది అనేవారూ ఉన్నారు గాని, మొత్తానికి చేపకు మండలదీక్ష అన్నమాట. మనుమడికి ఈ మాట బాగా నచ్చింది.

మూడవనాడు చేప ఒంటిమీద ఉప్మారవ్వ చల్లినట్లు తెల్లని చుక్కలు కనబడ్డాయి. గొట్టానికి ఒళ్ళు రాసుకోసాగింది. మా అబ్బాయి చూసి ‘మెరైన్ ఇక్’ అన్నాడు. దాని శాస్త్రీయనామం క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్. ఒకే కణం గల పరాన్నజీవి. (పరాన్నజీవి ఎంత చక్కని సమాసం! పరుల అన్నంతో జీవించేది. ఆరు నెలలు కొడుకు ఇంట తింటూ కూర్చున్న నన్ను చూసి మా ఆవిడ ఆ మాటను ఎన్నిమార్లు వాడుకున్నదో చెప్పను.)

మందు రాగి. రాగిచెంబు నీళ్ళు త్రాగి పెరిగినవాణ్ణి, రాగి విషమవుతుందంటే మొదట నమ్మలేదు. అయాను రూపంలోని రాగి లీటరు నీటికి 0.15 నుండి 0.20 మిల్లీగ్రాముల మధ్య ఉండాలట. తగ్గితే పురుగు చావదు, పెరిగితే చేప బ్రతకదు. ఆ మోతాదుకు ఒక్కసారిగా పోకుండా మూడు నాలుగు రోజులలో ఎక్కించాలి. చేరిన తరువాత ముప్ఫై రోజులు తగ్గకుండా నిలపాలి. రొయ్యలకూ, నత్తలకూ, పగడాలకూ రాగి మృత్యువే కనుక హాలు తొట్టిలో ఈ వైద్యం కుదరదు. పైగా రాళ్ళూ ఇసుకా రాగిని పీల్చుకుని మోతాదును చెడగొడతాయి. లాండ్రీ గది తొట్టి ఎందుకంత బోసిగా ఉన్నదో అప్పుడు అర్థమయింది.

ఇంతలో మా అబ్బాయి ఆఫీసు పనిమీద పది రోజులు వేరే ఊరు వెళ్ళవలసి వచ్చింది. రెండు పూటలా నీటిలో రాగి ఎంతున్నదో పరీక్షించడం, చేప విసర్జన వల్ల పెరిగే అమోనియాను చూసి నీళ్ళు మార్చడం, మార్చిన నీటికి తగ్గ మందు కలపడం నాకు అప్పగించాడు. ఎన్నో పరీక్షలు జరిపించినవాణ్ణి, ఇదొక లెక్కా అనుకున్నాను.

మందు మొదలుపెట్టిన అయిదవనాడు తెల్లవారేసరికి చుక్కలన్నీ మాయం! చేప నిగనిగలాడుతున్నది. తిండి కూడా ఆత్రంగా తిన్నది. మనుమడు అద్దానికి ముక్కు ఆనించి, “పాపం తాతయ్యా, ఒక్కతే ఉంది” అన్నాడు. ఆ వారాంతంలో వాడి పుట్టినరోజు. అబ్బాయికి ఫోను చేస్తే వద్దంటాడని నాకు తెలుసు. తెలిసే చేయలేదు. ఏడవనాడు చిన్న వలతో పట్టి, నా చేతులతో నేనే హాలు తొట్టిలో వదిలాను. “నయమైందిరా, నేను చెబుతున్నానుగా” అన్నాను. కోడలు మాత్రం, “ఆయనతో ఒక మాట అందామా, మామయ్యగారూ?” అని అడిగింది. వినిపించుకోలేదు.

చుక్కలు పోవడమంటే ఏమిటో తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ పురుగు చేప చర్మం పొర క్రింద చేరి మూడు నుండి ఏడు రోజులు తిని బలుస్తుంది. మనకు కనబడే చుక్క అదే. కడుపు నిండాక తనంతట తానే రాలిపోతుంది. రాలి, దొరికినచోట అంటుకుని, చుట్టూ గట్టి తిత్తి కట్టుకుంటుంది. ఆ తిత్తిలో ఒకటి రెండై, రెండు నాలుగై, వందల సంఖ్యలో పిల్లలై, ఒకనాడు పగిలి బయటకు ఈదుతాయి. ఒకటి రెండు రోజులలో చేప దొరకకపోతే అవి చస్తాయి. రాగి చంపేది ఆ ఈదే పిల్లలనే. చర్మం క్రింద ఉన్నదానినీ, తిత్తిలో ఉన్నదానినీ అది తాకలేదు. చర్మం మీద ఒక్క చుక్క లేకున్నా, మన కంటికి కనబడని మొప్పలలో ఇంకా దాగి ఉండవచ్చు. నేను ఆరోగ్యమనుకున్నది రెండు దండయాత్రల నడుమ విరామం.

ఇది నాకు కొత్త పాఠం కూడా కాదు, అదే సిగ్గుచేటు. 1986లో పాడేరు వైపు పనిచేస్తున్నప్పుడు నాకు మలేరియా వచ్చింది. క్లోరోక్విన్ చేదు మ్రింగి మూడు రోజులలో లేచి కూర్చున్నాను. తరువాత వాడమని ఇచ్చిన ప్రైమాక్విన్ మాత్రలు డబ్బాలోనే ఉండిపోయాయి. మూడు నెలలకు జ్వరం మళ్ళీ తిరగబెట్టింది. వైవాక్స్ జాతి క్రిమి కాలేయంలో నిద్రపోతుందనీ, క్లోరోక్విన్ దానిని తాకదనీ అప్పటి డాక్టరుగారు తిట్టి మరీ చెప్పారు. 1897లో మన సికింద్రాబాదులోనే రోనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ క్రిమిని చూశాడని పిల్లలకు ఏటేటా చెప్పినవాణ్ణి నేను! ఆ క్లోరోక్విన్‌నే ఈ చేపల రోగానికి కూడా వాడతారని చదివినప్పుడు నోరు మళ్ళీ చేదయింది.

రెండు వారాలు తిరగకముందే హాలు తొట్టిలోని చేపలన్నింటి మీదా రవ్వ చల్లినట్లయింది. అప్పటికి మా అబ్బాయి వచ్చాడు. జరిగినది చెప్పాను. ఏమీ అనలేదు. ఏదైనా అని ఉంటే బాగుండేది. అర్ధరాత్రి దాకా రాళ్ళు తీసి, చేపలను ఒక్కొక్కటిగా పట్టి, పెద్ద ప్లాస్టిక్ తొట్టెలో రాగి వైద్యానికి మార్చాడు. నీలిచేప రెండవనాడు పోయింది. చారల కార్డినల్ చేపల జంట ఆ వారంలోనే పోయింది. క్లౌన్ చేపలు రెండూ నిలిచాయి. మనుమడు ఏడవలేదు. “నయమైందన్నావుగా తాతయ్యా” అన్నాడు, అంతే. ముప్ఫై అయిదేళ్ళు తరగతిగదిలో ఎన్నో ప్రశ్నలకు జవాబు చెప్పాను గాని, దీనికి చెప్పలేకపోయాను.

హాలు తొట్టిని ఇక 76 రోజులు చేపలు లేకుండా ఉంచాలన్నాడు అబ్బాయి. తిత్తులు కొన్ని 72 రోజుల దాకా పగలకుండా ఉండగలవట. ఆపైన నాలుగు రోజులు జాగ్రత్తకు. రొయ్యలనూ పగడాలనూ ఆ పురుగు ముట్టదు కాబట్టి అవి అలాగే ఉన్నాయి. రాగి పరీక్ష నేనే చేస్తానని అడిగి పుచ్చుకున్నాను. అబ్బాయి ఒక్క క్షణం చూసి పరీక్ష పెట్టె నా చేతికిచ్చాడు. ఉదయం ఏడింటికీ, సాయంత్రం ఏడింటికీ నోటుపుస్తకంలో అంకెలు వేశాను. ప్రక్కన మనుమడు సంతకం చేసేవాడు. వాడు చూడనిదే ఆ అంకె చెల్లదని వాడి నియమం.

61వ రోజున మా తిరుగు ప్రయాణం. ఆ తరువాత రోజూ వాడు ఫోనులో ఒక అంకె మాత్రం పంపేవాడు. 62. 63. 64. మా ఆవిడ అది చూసి మళ్ళీ ఏదో మంత్రజపం మొదలుపెట్టానేమోనని అడిగింది. 76 వచ్చిన రోజు నేనే ఆగలేక వీడియో కాల్ చేసి, “చేపలను వేస్తున్నారట్రా?” అన్నాను.

“రేపు వేద్దాం తాతయ్యా,” అన్నాడు. “ఇంకొక్క రోజు ఉండనీ.”